అట్ట మీద బొమ్మకు ప్రాణం పోసిన మన జిల్లా చిత్రకారుడు
(కీర్తిశేషులు శ్రీ వడ్డాది పాపయ్య గారి జీవితం, కళ)

మన సంఘ సభ్యులలో చాలామంది అరవై దాటినవారు. డెబ్బై, ఎనభై దాటిన పెద్దలూ ఉన్నారు. ఏ శాఖలో పని చేసినా, ఏ ఊళ్ళో పుట్టి పెరిగినా, మనలో చాలామందికి ఉమ్మడి జ్ఞాపకం ఒకటుంది. నెల తిరిగేసరికి ఇంటికి వచ్చే చందమామ, దానికోసం అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ పడే కొట్లాట. అందులో చదివిన కథలు ఇప్పుడు సగం గుర్తుండకపోవచ్చు గాని, అట్ట మీద చూసిన బొమ్మలు మాత్రం అలాగే గుర్తున్నాయి. ఆకాశమంత రాక్షసుడు, జింకపిల్ల పక్కన ఆశ్రమకన్య, రథం మీద వీరుడు, నీలిమబ్బుల్లో దేవతలు. ఆ బొమ్మల కింద "వపా" అని రెండక్షరాల సంతకం ఉండేది. ఆ రెండక్షరాల వెనుక ఉన్న మనిషి మన శ్రీకాకుళం వారేనని మన పిల్లలలో ఎంతమందికి తెలుసు? ఆ సంగతి నాలుగు మాటల్లో చెప్పడానికే ఈ ప్రత్యేక సంచికలో ఈ వ్యాసం.

జననం, బాల్యం

శ్రీ వడ్డాది పాపయ్య గారు 1921 సెప్టెంబరు 10వ తేదీన శ్రీకాకుళంలో జన్మించారు. తల్లి మహాలక్ష్మి గారు, తండ్రి రామ్మూర్తి గారు. ఆనాటికి శ్రీకాకుళం ఒక జిల్లా కాదు. చికాకోల్ అన్న పేరుతో గంజాం జిల్లాలో ఒక తాలూకా. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు విశాఖపట్నం జిల్లాలో కలిసింది. 1950 ఆగస్టు 15న విడి జిల్లా అయింది. విజయనగరం జిల్లా వచ్చింది 1979 జూన్ 1న. అంటే పాపయ్య గారి బాల్యంలో ఈ ప్రాంతమంతా మద్రాసు రాజధానికి దూరంగా, ఒక మూలన ఉన్నట్టే లెక్క. చిత్రకళ నేర్పే పెద్ద కళాశాలలు దగ్గరలో లేవు. పెద్ద అచ్చు యంత్రాలు లేవు.

అయితే ఇంట్లోనే గురువు ఉన్నారు. తండ్రి రామ్మూర్తి గారు డ్రాయింగు మాస్టారు. రంగులు కలపడం, కుంచె పట్టడం పాపయ్య గారు ఆయన వద్దనే నేర్చుకున్నారు. ఇంట్లో మరో గురువు కూడా ఉన్నారు. ఆయన మనిషి రూపంలో లేరు, పటం రూపంలో ఉన్నారు. రాజా రవివర్మ వేసిన కోదండరాముని పటం వారి ఇంట ఉండేది. ఆ పటాన్ని చూసి చూసి, చిన్నతనంలోనే దానిని తన చేత్తో గీశారు పాపయ్య గారు. ఆయన చిత్రకళకు శ్రీకారం అదే.

ఇక్కడ ఒక్క విషయం ఆలోచించాలి. రవివర్మ గారిది తిరువాన్కూరు సంస్థానంలోని కిళిమానూరు. ఆయన 1848లో పుట్టి 1906లో కన్నుమూశారు. అసలు చిత్రాలు సంస్థానాధీశుల మేడల్లో ఉండేవి. సామాన్యుడికి వాటి దర్శనం దొరికేది కాదు. అందుకని 1894లో ఆయన బొంబాయిలో ఒక ముద్రణాలయం పెట్టించారు. రంగురంగుల అచ్చుపటాలు అక్కడి నుంచి దేశమంతా వెళ్ళాయి. లక్ష్మీదేవి, సరస్వతీదేవి, రాముడు, కృష్ణుడు పేదవాడి గోడ మీదకు కూడా వచ్చారు. అలా వచ్చిన అచ్చుపటాల చలవతోనే, నాగావళి ఒడ్డున ఉన్న ఒక పిల్లవాడి కంట రవివర్మ బొమ్మ పడింది. అచ్చుబొమ్మ చూసి చిత్రకారుడైన ఆ పిల్లవాడు పెద్దయ్యాక తానూ అచ్చు కోసమే బొమ్మలు వేశారు. ఆ బొమ్మలు మళ్ళీ లక్షల ఇళ్ళకు వెళ్ళాయి. పాపయ్య గారి జీవితానికి అర్థం ఇందులోనే ఉంది.

ఉత్తరాంధ్ర నేల

మన ప్రాంతాన్ని వెనుకబడిన ప్రాంతమని చెప్పుకోవడం మనకు అలవాటైపోయింది. కళల విషయంలో ఆ మాట చెల్లదు. శ్రీముఖలింగం శిల్పాలు ఇక్కడివి. అరసవల్లి, శ్రీకూర్మం ఇక్కడివి. పొందూరు నేత ఇక్కడిది. విజయనగరం సంగీత సాహిత్యాలకు పుట్టిల్లు. పాపయ్య గారికన్నా రెండేళ్ళు ముందుగా, 1919లో పుట్టిన అంట్యాకుల పైడిరాజు గారు విజయనగరంలో చిత్రకారుడిగా, శిల్పిగా పేరు తెచ్చుకున్నారు. ఒకే కాలంలో ఇద్దరు ఉద్దండులు ఈ గడ్డ మీద కుంచె పట్టారు. పాపయ్య గారి బొమ్మల్లోని చీరకట్టు, నగలు, వాకిలి ముందు ముగ్గు, కొండవాలు, తాటితోపు, ఇవన్నీ ఈ ప్రాంతంలో కళ్ళు తెరిచిన వారికి పరిచయమైనవే.

అట్ట చేసే పని

మన తాతల కాలంలో తెలుగు పుస్తకానికి అట్ట అంటే పెద్దగా ఏమీ ఉండేది కాదు. మీద పుస్తకం పేరు, కవి పేరు, ముద్రాక్షరశాల పేరు, వెల. చుట్టూ ఒక పూలతీగ అంచు. చదివేవాడు ఎలాగూ పేరు చూసి కొంటాడు గనుక బొమ్మ అవసరం అప్పట్లో కనిపించలేదు. పత్రికలు వచ్చాక పరిస్థితి మారింది. ఆమదాలవలస స్టేషనులో రైలు ఆగిన రెండు నిమిషాల్లో బడ్డీ ముందు నిలబడిన ప్రయాణికుడు ఏ పత్రిక తీసుకుంటాడు? తాడుకు వరసగా వేలాడదీసిన పది పత్రికల్లో వాడి చెయ్యి దేని మీదకు వెళుతుంది? లోపల ఎంత గొప్ప కథ ఉన్నా ఆ క్షణంలో కనబడదు. కనబడేది అట్ట ఒక్కటే.

అందువల్ల అట్ట మీద బొమ్మ వేయడం మామూలు బొమ్మ వేసినంత సులువు కాదు. పై భాగంలో పత్రిక పేరుకు చోటు వదలాలి. ఆ వదిలిన చోటు ఖాళీగా, వెలితిగా కనిపించకూడదు. దానిని ఆకాశంగానో, చెట్టుకొమ్మలుగానో, కోటగోడగానో మలచాలి. పిన్ను పడే అంచున ముఖ్యమైన ముఖం రాకూడదు. నాలుగు గజాల దూరం నుంచి చూసినా విషయం తెలియాలి, చేతిలోకి తీసుకుని గంటసేపు చూసినా ఇంకా చూడవలసింది మిగలాలి. కథ చదవక ముందు ఏం జరుగుతుందోనన్న ఆత్రుత కలగాలి, అలాగని కథంతా అక్కడే చెప్పేయకూడదు.

ఇక అచ్చు సంగతి. చిత్రకారుడు కుంచెతో వేసిన వందల రంగుఛాయలు అచ్చు యంత్రానికి తెలియవు. దానికి తెలిసినవి పసుపు, ఎరుపు, నీలం, నలుపు, ఈ నాలుగే. అసలు బొమ్మను వేర్వేరు రంగుల అద్దాల గుండా కెమేరాతో తీసి, ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క బ్లాకో, ప్లేటో తయారు చేసేవారు. ఒకే కాగితం మీద నాలుగు రంగులూ ఒకదాని మీద ఒకటి పడతాయి. వెంట్రుకవాసి పక్కకు జరిగినా బొమ్మకు రెండు ముక్కులు, నాలుగు పెదవులు వచ్చినట్టు కనిపిస్తుంది. మీ ఇంట్లో పాత పత్రిక ఉంటే భూతద్దం పెట్టి మనుమలకు చూపించండి. నున్నగా కనిపించే చెంప నిండా సన్నని రంగుచుక్కలు కనిపిస్తాయి. అచ్చులో ఏ రంగు నిలుస్తుందో, ఏది మాసిపోతుందో తెలిసి బొమ్మ వేసినవాడే అట్టకు పనికివస్తాడు. పాపయ్య గారికి నీటిరంగుల మీద ఎంత పట్టు ఉందో, ఈ అచ్చు మర్మం మీద కూడా అంత పట్టు ఉంది. అందుకే ఆయన బొమ్మలు అచ్చులో కూడా కళ తప్పలేదు.

చందమామలో పాపయ్య గారు

చందమామ 1947 జూలైలో మద్రాసు నుంచి మొదలయింది. స్థాపకులు శ్రీ బి. నాగిరెడ్డి గారు, శ్రీ చక్రపాణి గారు. 1952 నుంచి 1980లో తుదిశ్వాస విడిచే వరకు శ్రీ కొడవటిగంటి కుటుంబరావు గారు దాని సంపాదకత్వ బాధ్యత చూశారు. లోపలి బొమ్మలకు చిత్రా గారు, శంకర్ గారు పెట్టింది పేరు. భుజాన శవంతో నడిచే విక్రమార్కుని బొమ్మ శంకర్ గారిదే. ముఖచిత్రాలకు మొదట్లో ఎం.టి.వి. ఆచార్య గారు గొప్ప పేరు తెచ్చారు. మహాభారత ఘట్టాలను నెలనెలా అట్ట మీదకు ఎక్కించిన ఘనత ఆయనది. ఆచార్య గారు తప్పుకున్నాక ఆ స్థానంలోకి వచ్చినవారు మన పాపయ్య గారు. అంతటివాని తరువాత అదే చోట నిలబడడం ఎంత కష్టమో ఉద్యోగాలు చేసిన మనకు చెప్పనక్కరలేదు. మంచి పేరున్న అధికారి బదిలీ అయిన చోటుకు వెళ్ళి చార్జి తీసుకున్న వారికి ఆ కష్టం తెలుస్తుంది. పాపయ్య గారు ఆచార్య గారిని అనుకరించలేదు. తన రంగులు తాను తెచ్చుకున్నారు. 1960, 1970 దశకాలలో చందమామ అంటే వపా బొమ్మ అన్నంతగా పాఠకుల మనసులో నాటుకుపోయారు.

చందమామ అట్టకు మరొక కష్టం ఉంది. ఆ పత్రిక ఒక్క తెలుగులో కాదు, పది పైచిలుకు భాషల్లో వచ్చేది. తమిళంలో అంబులిమామ, మరాఠీలో చాందోబా, ఒడియాలో జహ్నమాము. పేరు మారేది, లిపి మారేది, బొమ్మ మాత్రం ఒక్కటే. అంటే ఇచ్ఛాపురం దాటి అవతల బరంపురంలో ఒడియా చదివే పిల్లవాడూ, పర్లాకిమిడి పిల్లా, మదురైలో తమిళ పిల్లా, పూనాలో మరాఠీ పిల్లవాడూ అదే బొమ్మ చూసి ఆ నెల పత్రిక కావాలని మారాం చేయాలి. అక్షరం సాయం లేకుండా, వివరణ లేకుండా బొమ్మ తనంతట తానే మాట్లాడాలి. హనుమంతుడు సముద్రం దాటుతుంటే ఏ భాష పిల్లవాడికైనా ఒళ్ళు గగుర్పొడవాలి. రాక్షసుణ్ణి చూస్తే భయం వేయాలి, కాని రాత్రి నిద్ర పట్టనంత భయం వేయకూడదు. శ్రీకాకుళంలో పుట్టిన ఒక మనిషి దేశంలోని ఇన్ని భాషల పిల్లలతో ఇలా నెలనెలా మాట్లాడారంటే, ఆ గౌరవం మన జిల్లాకు చిన్నది కాదు.

యువ అట్టల మీద మరో లోకం

పిల్లల బొమ్మలతోనే ఆగితే పాపయ్య గారి సగం కళే మనకు తెలిసినట్టు. పెద్దల కోసం చక్రపాణి గారు నడిపిన యువ మాసపత్రికకు ఆయన వేసిన ముఖచిత్రాలు మరో లోకం. ఆ దీపావళి ప్రత్యేక సంచికల కోసం ఎదురుచూసిన వారు మనలో ఎందరో ఉన్నారు. ఋతువులు, నక్షత్రాలు, రాగాలు, ప్రబంధ నాయికలు, తెలుగువారి పండుగలు, పల్లెటూరి పడుచులు, ఇలా ఎంచుకున్న విషయాలకు లెక్కలేదు. చెవితో వినే రాగానికి ఆయన రూపం ఇచ్చారు. ఆకాశంలో చుక్కగా మాత్రమే తెలిసిన నక్షత్రానికి చీర కట్టి, నగలు పెట్టి, మన ముందు నిలబెట్టారు. సంక్రాంతి అంటే ఏమిటో, అట్లతద్ది అంటే ఏమిటో, నగరాలలో పుట్టిన తెలుగు పిల్లలకు ఆ బొమ్మలు చూపించి చెప్పవచ్చు.

ఆయన స్త్రీమూర్తుల్లో శృంగారం ఉంది. అందులో సందేహం లేదు. కొందరు పెద్దలు ఆ పత్రికను పిల్లలకు కనబడకుండా బీరువా పైన పెట్టడమూ ఉంది. కాని ఆ శృంగారం మన ప్రబంధాలలో ఉన్నటువంటిది, మన గుడి గోడల మీద ఉన్నటువంటిది. చందమామకు బొమ్మ వేసిన చెయ్యీ, యువకు బొమ్మ వేసిన చెయ్యీ ఒక్కటే అయినా, ఎవరి చేతిలోకి ఏ పత్రిక వెళుతుందో ఆ చేతికి బాగా తెలుసు. ఆ ఎరుక ఉన్నవారు గనుకనే పిల్లలకూ, పెద్దలకూ ఇష్టుడయ్యారు. భారతి మొదలుకొని స్వాతి వరకు ఎన్నో తెలుగు పత్రికలు ఆయన చిత్రాలను అచ్చు వేసుకున్నాయి.

తెలుగువారి ముఖచిత్రాలు అనగానే మరొక మహనీయుడు బాపు గారు గుర్తుకు వస్తారు. నరసాపురంలో 1933లో పుట్టి 2014లో స్వర్గస్థులైన బాపు గారి బలం గీతలో ఉంది. నాలుగు గీతలు గీస్తే మనిషి నవ్వుతాడు. పాపయ్య గారి బలం రంగులో ఉంది. ఒక రంగు మరొక రంగులోకి ఎక్కడ కరిగిందో తెలియకుండా కరిగిపోతుంది. ఇద్దరిలో ఎవరు గొప్ప అన్న వాదన వద్దు. ఒకే తరం తెలుగు పాఠకులకు ఇద్దరూ దొరకడం అదృష్టం.

వ్యక్తిత్వం

ఇంత పేరు ఉండీ పాపయ్య గారు ప్రచారానికి ఆమడ దూరంలో ఉండేవారు. సన్మానాలు, సభలు, శాలువాలు ఆయనకు గిట్టేవి కావు. మద్రాసు పత్రికలకు బొమ్మలు వేసినా స్థిరపడింది మాత్రం అనకాపల్లి దగ్గర కశింకోటలో. అప్పుడు అది విశాఖపట్నం జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. ఆ పల్లె వాతావరణంలో కూర్చుని బొమ్మలు వేసుకున్నారు. బొమ్మ కింద పూర్తి పేరు కూడా రాయలేదు. వడ్డాదిలోని ఒక అక్షరం, పాపయ్యలోని ఒక అక్షరం, అంతే. మనిషి బతికి ఉన్నాడని రుజువుకు మనం ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చుకుంటాం. ఆయనకు ఆ రెండక్షరాలే నేటికీ లైఫ్ సర్టిఫికెట్.

1992 డిసెంబరు 30వ తేదీన పాపయ్య గారు పరమపదించారు. అప్పటికి ఆయన వయసు డెబ్బై ఒక్క సంవత్సరాలు. 2021 సెప్టెంబరు 10 నాటికి ఆయన పుట్టి నూరేళ్ళు నిండాయి. ఆయన బొమ్మలతో వెలిగిన చందమామ కూడా 2013 నాటికి ఆగిపోయింది. యువ అంతకు ఎంతో ముందే ఆగిపోయింది.

మనం చేయవలసింది

ఇప్పుడు అసలు మాటకు వద్దాం. పత్రిక అట్ట మీద వేసిన బొమ్మకు ఆయుష్షు ఒక నెల. వచ్చే నెల కొత్త బొమ్మ వస్తుంది, పాతది పాతసామాన్ల వాడికి వెళుతుంది. దాచుకున్న ఇళ్ళలో కూడా మొదట చిరిగేది అట్టే. బైండు చేయించేటప్పుడు బైండరు చేసే మొదటి పని పై అట్టలు ఊడదీసి పారవేయడం. గ్రంథాలయాలలో పాత సంచికల బైండు పుస్తకాలు తీసి చూడండి. కథలు వరసగా ఉంటాయి, ముఖచిత్రం ఒక్కటీ ఉండదు. కథను కాపాడుతున్నామనుకుంటూనే కథ దగ్గరకు మనల్ని పిలిచిన బొమ్మను పోగొట్టుకున్నాం. శిల్పికి గుడి ఉంటుంది, గాయకుడికి రికార్డు ఉంటుంది. అట్ట వేసిన చిత్రకారుడికి ఉన్న చిత్రశాల మన అటకలు, మన ట్రంకు పెట్టెలు. కాబట్టి వపా గారి కళకు కాపలాదారులం మనమే.

ఈ పని సాధ్యమేనా అనే వారికి శ్రీకాకుళంలోనే జవాబు ఉంది. ఉపాధ్యాయులుగా పని చేసి విశ్రాంతి తీసుకున్న శ్రీ కాళీపట్నం రామారావు గారు, మనందరి కారా మాస్టారు, 1997 ఫిబ్రవరిలో శ్రీకాకుళంలో కథానిలయం స్థాపించారు. తెలుగులో వచ్చిన ప్రతి కథనూ ఒక్కచోట చేర్చాలన్నది ఆయన సంకల్పం. దానికోసం ఊరూరా తిరిగి పాత పత్రికలు సేకరించారు. 2021 జూన్ 4న ఆయన కన్నుమూసినా కథానిలయం నిలిచి ఉంది. ఆయన కూడా మనలాగే పెన్షను తీసుకున్న మనిషి. విశ్రాంత జీవితంలో ఒక మనిషి ఎంత పని చేయవచ్చో ఆయన చేసి చూపించారు. ఆయన కథకు చేసినది, బొమ్మకు మనలో కొందరు కలిసి చేయలేరా?

సభ్యులకు మనవి ఇది. ఈ పండుగకు ఇల్లు దులిపేటప్పుడు అటక మీది పాత పత్రికలను తూకానికి వేయకండి. చందమామ, యువ, స్వాతి ఏదైనా సరే, అట్టతో ఉన్న సంచిక కనిపిస్తే విడిగా తీసి, ఎండ తగలని చోట, పలచని కాగితం మధ్య పెట్టి ఉంచండి. బొమ్మకు జిగురు టేపు అంటించకండి, కొన్నేళ్ళకు అది పసుపు మరకగా మారి బొమ్మను తినేస్తుంది. లామినేషను చేయించడం కూడా మంచిది కాదు, ఒకసారి చేయిస్తే మళ్ళీ ఊడిరాదు. మనుమల చేత ఫోను కెమేరాతో పగటి వెలుతురులో ఫొటో తీయించి, ఏ సంవత్సరం, ఏ నెల సంచికో రాయించండి. బైండు చేయించేవారు అట్టలతో సహా కుట్టమని ముందే గట్టిగా చెప్పండి. ఇంట్లో ఉంచుకునే వీలు లేనివారు గ్రంథాలయానికి ఇచ్చేటప్పుడు కూడా ఆ మాట చెప్పి ఇవ్వండి.

అన్నిటికన్నా ముఖ్యం, ఆ బొమ్మను పిల్లల చేతిలో పెట్టి, ఇది వేసినవారు మన శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య గారని పేరు చెప్పండి. గోడ మీది ఒక అచ్చుపటం ఆనాడు ఒక పిల్లవాడిని చిత్రకారుణ్ణి చేసింది. మన అటక మీది ఏ అట్ట రేపు ఏ పిల్లకు, ఏ పిల్లవాడికి కుంచె పట్టిస్తుందో ఎవరు చెప్పగలరు?

ఆ మహనీయ చిత్రకారునికి మన సంఘ సభ్యులందరి పక్షాన నమస్సుమాంజలి.